స్తంభం ఎక్కేవాడికి

ఒరే చిన్నోడా,

కాంట్రాక్టరు కింద లైన్ పనిలో చేరావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. గాలీవానా వస్తే ఘాట్‌లో సిల్వర్ ఓక్ కొమ్మలు తీగల మీద పడతాయి, అరకు చుట్టుపక్కల ఊళ్లు చీకటవుతాయి, అప్పుడు పిలుపు నీకే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కొట్టాక కాఫీ తోటల్లో కూలిన చెట్ల మధ్య లైన్లు నిలబెట్టినవాళ్లని అడుగు, ఆ కష్టం చెబుతారు.

ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవడం, ఎర్త్ చేయడం మీ లైన్‌మన్ నేర్పుతాడు. నా బెంగ షాక్ ఒక్కటే కాదు, పడటం కూడా. కొండవాలులో స్తంభం మొదట్లో మట్టి వానకి కోసుకుపోతుంది. ఎక్కే ముందు అక్కడ తొక్కి చూడు, స్తంభాన్ని నెట్టి చూడు. సిమెంటు పగిలి లోపలి ఇనుము తుప్పుపట్టి కనబడితే నిచ్చెన ఆనించకు, అసిస్టెంట్ ఇంజనీరుకి చెప్పు. బెల్టు కొక్కెం పడిందో లేదో చేత్తో లాగి చూసుకో. "రెండు నిమిషాల పనేగా, బెల్టెందుకు" అన్నవాణ్ణే ఎక్కమను.

ఎవరైనా పడితే మనవాళ్లు మొదట అనేది "వాడే చూసుకోలేదు" అని. చట్టం అలా అనదురా. పని చేస్తుండగా, ఆ పని వల్లే దెబ్బ తగిలితే పరిహారం యజమాని బాధ్యతని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెప్పింది. ఆయన తప్పు నువ్వు నిరూపించక్కర్లేదు. 2025 నవంబరు 21 నుంచి దాని చోట సామాజిక భద్రతా కోడ్ వచ్చినా ఈ మూలం మారలేదు. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే? పని చేయించుకున్న అసలు సంస్థ దగ్గరే అడగొచ్చు, అది తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటుంది. జీతంలో ఈఎస్‌ఐ బీమా కోత ఉంటే మాత్రం దారి వేరు, సాయం అక్కణ్ణుంచే వస్తుంది.

ఒక మెలిక ఉంది. తాగి ఎక్కినా, ఇచ్చిన బెల్టు కావాలని పక్కన పెట్టి ఎక్కినా, కాలో చెయ్యో విరిగినప్పుడు యజమాని ఆ వంక చూపి తప్పించుకోవచ్చు. ప్రాణం పోయినా, మనిషి శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినా ఆ వంక చెల్లదు. అసలు బెల్టే ఇవ్వకపోతే వాట్సాప్‌లో అడుగు. నోటిమాటకి తేదీ ఉండదు.

పాత చట్టం లెక్కలో నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయల వరకే తీసుకునేవారు. పాతికేళ్లవాడు నడుము విరిగి మంచాన పడితే అందులో 60 శాతాన్ని 216.91తో హెచ్చించేవారు, 19 లక్షల 52 వేల పైచిలుకు వచ్చేది. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడేది. ఇది తెలియకే చాలా ఇళ్లు యాభై వేలకి తెల్లకాగితం మీద వేలిముద్ర వేస్తాయి. హక్కు వదులుకున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. అయినా నువ్వు వేయకు. ఆ కాగితం పట్టుకుని నిన్ను ఏళ్ల తరబడి తిప్పుతారు.

పడ్డరోజు డోలీలో మోసుకెళ్లినా, 108లో వెళ్లినా, ఆసుపత్రి చీటీలో "స్తంభం మీద నుంచి పని చేస్తూ పడ్డాడు" అని రాయించాలి. "జారిపడ్డాడు" అని ఊరుకుంటే ఆ ఒక్క మాట మీదే కేసు నలుగుతుంది. 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకి కబురు వెళ్లాలి, వెళ్లిందో లేదో మీవాళ్లే కనుక్కోవాలి. పరిహారానికి దరఖాస్తు కార్మికశాఖ అధికారి దగ్గర వేయాలి, రెండేళ్లు దాటనివ్వొద్దు. వకీలు ఫీజుకి భయపడకు. మనం గిరిజనులం కాబట్టి, ఆదాయం ఎంతున్నా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని పెడుతుంది. ఫోను 15100.

పనిలో ఉన్నట్టు రుజువుగా ఇవాళే హాజరు పట్టీ ఫోటో, జీతం పడిన బ్యాంకు మెసేజీలు, కాంట్రాక్టరు పేరూ చిరునామా కోడలి ఫోనుకి పంపు.

మీ పెదనాన్న