కొట్టంలో హెరాల్డ్

మా కడప ఎండలో ఇనుము తొందరగా చావదు. ముందు పోయేది రబ్బరు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితేనే ఇనుముకు తుప్పు జోరందుకుంటుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే కడప, కర్నూలు ప్రాంతాల్లో అంత తేమ ఏడాదంతా ఉండదు. అందుకే ఏళ్ల తరబడి మూలన పడ్డ బండి కూడా పైకి నిక్షేపంగా కనబడుతుంది. రేకు మీద తడితే గట్టిగా మోగుతుంది. బానెట్ ఎత్తి రేడియేటర్ పైపును నొక్కితే అప్పుడు తెలుస్తుంది సంగతి. అది వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోతుంది.

మా పెదనాయన స్టాండర్డ్ హెరాల్డ్ అచ్చం అట్లాగే ఉండింది. 1980ల చివర్లో ఆయన దాన్ని ఇంటి పక్కనున్న కొట్టంలోకి తోలి, ఇరుసుల కింద ఇటుకలు పేర్చి, పైన పట్టా కప్పారు. కింద కడప బండలు పరిచిన నేల, పైన కూడా బండల మిద్దె. చెమ్మ అన్నది లేదు. స్పేర్ పార్టులు దొరకడం లేదు, రోడ్లు బాగాలేవు, తిప్పితే అరిగిపోతుంది, మంచి రోజులొచ్చాక బాగుచేయించి బయటికి తీద్దాం అన్నది ఆయన ఆలోచన. ఆ బండంటే ఆయనకు ప్రాణం. ప్రాణం కాబట్టే దాచారు. ఆయన పోయాక మేమూ అదే పని చేశాం, అదే కారణం చెప్పుకుంటూ.

ఈ తరంవాళ్లకు హెరాల్డ్ పేరు పెద్దగా తెలియదు. 1960ల్లో మన దేశంలో సొంతానికి కొత్త కారు కొనాలంటే ఉన్నవి దాదాపు మూడే: కలకత్తా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు ఇది. రూపం గీసింది ఇటలీవాడు జొవాన్ని మికెలోట్టి. అప్పటికే మిగతా కంపెనీలు ఛాసిస్ లేకుండా మొత్తం ఒకే డబ్బాగా కార్లు కట్టడం మొదలుపెట్టాయి. అట్లాంటి బాడీలు అచ్చుల్లో నొక్కి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీ కంపెనీ కొనేసుకోవడంతో ట్రయంఫ్‌కు ఆ దారి మూసుకుపోయింది. చేసేది లేక పాత పద్ధతిలో విడిగా ఛాసిస్ కట్టి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. గతిలేక చేసిన ఆ పనే ఆ కారుకు ఆయుష్షు పోసింది. ముక్కలుగా వచ్చింది కాబట్టి మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి దాన్ని సులువుగా కట్టగలిగారు. ముక్కలుగా విప్పవచ్చు కాబట్టే ఇన్నేళ్ల తర్వాత కడపలో ఒక మేస్త్రి దాన్ని పానాలతో విప్పగలిగాడు. ఇదే ఛాసిస్‌ను పొట్టి చేసి, అదే మికెలోట్టి చేత పైరూపం గీయించి, 1962లో ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. ప్రపంచమంతా ముచ్చటపడిన కారది. ముందు చక్రాల అమరిక, వెనక అడ్డంగా ఉండే కమాను పట్టా, ముక్కు మొత్తం ముందుకు వాలే బానెట్, ఇవన్నీ రెండింటికీ ఒకటే. 948 సీసీ ఇంజిన్‌తో నడిచే మా రెండు తలుపుల హెరాల్డ్ స్పోర్ట్స్ కారు కాదు, దాని తోబుట్టువు. 25 అడుగుల్లో గుండ్రంగా తిరిగేస్తుంది. పాత కడప సందుల్లో ఆ గుణం విలువ తోలినవాళ్లకే తెలుసు.

బండిని బయటికి లాగిన రోజున మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, కింద పడుకుని టార్చి వేసి చూసి, లేచి దుమ్ము దులుపుకున్నాడు. "సార్, ఈ బండి తిరిగి చెడిపోలేదు. నిలబడి చెడిపోయింది" అన్నాడు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట గురించే.

నిలబడితే ఏమవుతుందో భాగం భాగంగా చూపించాడు. ట్యాంకులో పెట్రోలు ఎగిరిపోయి అడుగున జిగురు మిగిలింది, వాసన పాత వార్నిష్ లాగుంది. అదే జిగురు కార్బురేటర్ సన్నని రంధ్రాల్లో గట్టిపడింది. బ్రేకుల వీల్ సిలిండర్లు నాలుగూ పట్టేశాయి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను లాక్కునే గుణముంది, మా ఊళ్లో ఉన్న ఆ కాస్త తేమనూ అది లోపలికి తెచ్చుకుంది. వైర్ల పైతొడుగును ఎలుకలు కొరికేశాయి. ఇంజిన్ జామ్ అయింది. పిస్టన్ రింగులు సిలిండర్ గోడను ఎక్కడ తాకి నిలిచాయో అక్కడే అతుక్కుపోయాయి. ఇంగ్లండులో ఈ కారు ఛాసిస్ పక్కచేతులు తుప్పుకు తినిపోతాయి, అక్కడివాళ్ల సగం పాటు వాటిని అతికించుకోవడంతోనే సరి. మా దానికి ఛాసిస్ మీద మద్రాసులో వేసిన నల్లరంగు కూడా చాలా చోట్ల అట్లే ఉంది. ఊరి వాతావరణం చేయని చెరుపు కదలకపోవడం చేసింది.

కరువు సీమ మనిషికి ఇది మింగుడుపడే విషయం కాదు. దాచడం మా రక్తంలో ఉంది. 1876లో మొదలైన ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి, అనంతపురాలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత పుట్టిన తరాలకు కూడా ఆ భయం ఉగ్గుపాలతోనే వచ్చింది. ఇంటి ముందు పాతర తవ్వి, చుట్టూ సొప్ప పరిచి, జొన్నలు పోసి, బండ మూసి మట్టి మెత్తేవాళ్లు. లోపల గింజలే ఊపిరి పీల్చి ఉన్న ప్రాణవాయువును కాస్తా వాడేసుకుంటాయి, పురుగు బతకదు. ఏళ్ల తర్వాత తీసినా జొన్నలు తినడానికి పనికొస్తాయి. తెరిచిన వెంటనే మాత్రం మనిషి దిగకూడదు, చెడుగాలి పోయేదాకా ఆగాలి. పాతరలో జొన్న ఎంత కదలకుండా ఉంటే అంత క్షేమం. మా పెదనాయన తనకు తెలిసిన ఆ ఒక్క న్యాయాన్నే కారుకూ వర్తింపజేశారు. యంత్రం న్యాయం వేరు. దాని నూనె తిరుగుతూ ఉంటేనే లోహం మీద పొర నిలుస్తుంది, దాని రబ్బరు తడుస్తూ ఉంటేనే మెత్తగా ఉంటుంది. అరుగుదల తప్పించాలని ఆపితే అరుగుదల కంటే పెద్ద చేటు వస్తుంది.

ఇంజిన్ కదిలిన వైనం చెప్పాలి. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఒక్కో సిలిండర్లో కిరసనాయిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి, గుడ్డ కప్పి వదిలేశాడు మేస్త్రి. సాయంత్రం షాపు కట్టేశాక వచ్చి, ముందున్న పుల్లీ బోల్టుకు పానా తగిలించి, అటొకసారి ఇటొకసారి ఒత్తి చూసి వెళ్లేవాడు. నేను బలంగా ఒత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు. "తొందర వద్దు సార్, రింగులు ఇరిగిపోతాయి. అదే ఇడుస్తాది" అన్నాడు. ఒక సాయంత్రం పానా వేలెడంత కదిలింది. ఆయన మళ్లీ వెనక్కి తెచ్చాడు. మళ్లీ ముందుకు. సిలిండర్ లోపలి నుంచి నూనె మింగిన చప్పుడు సన్నగా వినిపించింది. పూర్తి చుట్టు తిప్పకుండానే ఆ రోజుకు చాలని వెళ్లిపోయాడు. ఆ ఓపిక చూసి నాకు గౌరవంతో నోట మాట రాలేదు.

బ్లాకును రీబోర్‌కు కర్నూలు తీసుకెళ్లాం. అక్కడి లేత్ షాపాయన 2009 అక్టోబరు వరదను చూసినవాడు. తుంగభద్ర నీళ్లలో మునిగిన ఇంజిన్లు ఎన్నో ఆయన చేతికొచ్చాయట. నీళ్లు తీయగానే విప్పి ఆరబెట్టి నూనె పెట్టినవి బతికాయనీ, తర్వాత చూద్దాంలే అని వదిలినవి పట్టేశాయనీ చెప్పాడు. మునగడం కంటే వదిలేయడమే వాటిని చంపిందని ఆయన అభిప్రాయం. నేను నమ్ముతున్నాను.

ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అని కంచు ముక్క ఒకటుంటుంది. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగు భాగం మరతో అందులోకి దిగుతుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదనే తిరుగుతుంది. దానికి గ్రీజు పనికిరాదు, గేర్ ఆయిల్ పోయాలి. అలవాటు కొద్దీ గ్రీజు కొడితే మర లోపల ఎండి, తుప్పు పట్టి, ఒకనాడు కడ్డీ విరిగి చక్రం ముడుచుకుంటుంది. పెదనాయన దాచిన పుస్తకంలో ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో "గ్రీజు కొట్టనీయరాదు" అని ఉంది. మా ట్రనియన్లు అరిగాయి గానీ విరగలేదు. కొత్తవి ఇంగ్లండు నుంచి తెప్పించాం. చెన్నై పుదుపేటలో గ్లాసులూ తలుపు పిడులూ దొరికాయి, ఈ ముక్క మాత్రం దొరకలేదు. వండలూరు ఫ్యాక్టరీ మూతపడి మూడు దశాబ్దాలు దాటినా ఆ ముక్క ఇంకా ఎక్కడో తయారవుతోందంటే, హెరాల్డ్‌నూ స్పిట్‌ఫైర్‌నూ రోజూ తోలి అరగదీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టే. వాళ్లూ మాలాగే కొట్టాల్లో దాచి ఉంటే ఆ అచ్చు ఎప్పుడో కరిగిపోయేది.

ఈ పని నడుస్తున్నన్నాళ్లూ నాకు సి.పి. బ్రౌన్ గుర్తొస్తూ ఉన్నాడు. 1820లో కడపకు వచ్చిన ఆ దొర ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఇళ్లల్లో మూలుగుతున్న తాళపత్రాలను రాయించాడు, సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. తాటాకును చదివేవాళ్లుంటే విప్పుతారు, దుమ్ము దులుపుతారు, నూనె రాస్తారు, చివికితే ఇంకొకటి రాసుకుంటారు. పవిత్రమని మూటగట్టి అటకెక్కించిన ఆకును పురుగు తింటుంది. బ్రౌన్ ముందు మరో చిక్కు ఉండింది. ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉంటే అసలుది ఏది? ఆయన చాలా ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ఎంచుకుని, ముందుకు వెళ్లాడు. ఆ ఎంపికల మీద తర్వాతివాళ్లు వాదించారు, వాదించాలి కూడా. వాదించడానికి పద్యం మిగిలింది కదా.

మా బండి దగ్గర ఆ చిక్కే చిన్నరూపంలో వచ్చింది. తలుపు లోపలి అట్ట ఊడదీస్తే అసలు రంగు బయటపడింది: లేత ఆకుపచ్చ. పైన ఉన్నది పెదనాయన తర్వాతెప్పుడో వేయించిన తెలుపు. మా అన్న అసలు రంగే వేయాలన్నాడు. మాకు గుర్తున్న బండి తెల్లబండి కదా అన్నాను నేను. చివరికి తెలుపే ఉంచాం. వెనక మడ్‌గార్డ్ మీద సొట్ట తీయనీయలేదు. ఒంటిమిట్ట తిరునాళ్లలో ఎద్దులబండి నొగ తగిలిన సొట్ట అది, ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు. స్టీరింగ్ మీద ఆయన చేతులు ఆనిన చోట నునుపుదేలింది, దాన్నీ ముట్టుకోలేదు. బ్రేకుల విషయంలో మాత్రం పాతది ఒక్క వాషరు కూడా మిగల్చలేదు. గొట్టాలు, సిలిండర్లు, షూలు, అన్నీ కొత్తవి. బ్రేకుల దగ్గర మమకారం చూపించేవాడు బండిని గానీ మనుషులను గానీ ప్రేమిస్తున్నట్టు కాదు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సింహాసనం లాంటి సీటుతో చేయించుకున్న కారు. అది వచ్చేసరికి ఆయన లేడు, 1911లోనే కన్నుమూశాడు. తర్వాత ఏవో కొన్ని ఉత్సవాలకు తప్ప బయటికి రాలేదు, తిరిగింది కొన్ని వందల మైళ్లేనంటారు. దశాబ్దాలు పడి ఉండి, ఈ శతాబ్దంలో బాగుపడి, చూడవచ్చినవాళ్ల ముందు మెరుస్తోంది. అందంలో దానికి సాటి లేదు. అయినా దాని ముందు నిలబడినప్పుడు నాకు కలిగింది జాలి.

చట్టం కూడా దాచడం వైపే మొగ్గుతోంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము. అట్లాంటి బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. పాత వాహనాలకు గౌరవం దక్కినందుకు సంతోషమే. మేము ఆ దారి పట్టలేదు. పాత నంబరు మీదనే ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, మామూలు బండిగానే ఉంచాం. కూరగాయలకు పోలేని కారుకు మర్యాద ఎందుకు?

పెద్దమ్మ మాట మాకు బలమిచ్చింది. "దాసిపెట్టి పూజ చేసేదానికి అదేమన్నా దేవుడా నాయనా? తోలుకోండి. మీ పెదనాయన ఉన్నా అదే అనుండు" అందామె. ఆయన అనేవారో కాదో నాకు అనుమానమే, పెద్దమ్మకు లేదు.

ఇప్పుడు బండిని ఎక్కువ తోలుతున్నది మా అన్న కూతురు. మైదుకూరులో ఉద్యోగం, వారానికోసారి దాంట్లోనే పోయొస్తుంది. ఈ బండికి ఫస్ట్ గేర్‌లో సింక్రో లేదు. పూర్తిగా ఆగాకే ఆ గేర్ వేయాలి, దొర్లుతుండగా వేస్తే పళ్లు కరకరమంటాయి. మొదట్లో బాగానే కరకరలాడించింది. అన్న ముఖం మాడ్చుకున్నాడు గానీ తాళం మాత్రం వెనక్కి అడగలేదు. ఆమెకిప్పుడు చెయ్యి కుదిరింది. క్లచ్ ప్లేటు అరిగిందని మొన్న మేస్త్రి చెప్పాడు, కొత్తదానికి ఆర్డరు పెట్టాం. అది వచ్చేదాకా పాతదాని మీదే తోలుతుందట, వచ్చే వారం నంద్యాల మీదుగా కర్నూలుకు. పెద్దమ్మ కూడా వస్తానంటోంది, ముందు సీట్లో.