నమ్మమంటే నమ్మేదా?

"మజహబు పిచ్చోళ్లు, సైన్సును నమ్మరు." ఈ మాట మేం చాలాసార్లు పడ్డాం. నిజమే, వానలు ముఖం చాటేస్తే ఈద్గాలో ఇస్తిస్ఖా నమాజు చదువుతాం. దువాకి ఎత్తిన ఆ చేతులతోనే వేరుశనగ కూడా విత్తుతాం.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు కాండం కుళ్ళు తెగులు సోకింది. మొదట మొవ్వుకుళ్ళు అనుకున్నారు. శాస్త్రవేత్తలు పరీక్షించి, కాదు, ఇది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. గట్టుమీది వయ్యారిభామ పచ్చగానే కనిపిస్తుంది, దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామరపురుగులు దాన్ని చేలోకి మోస్తాయి. పూతకు రాకముందే పీకమన్నారు. చేను చుట్టూ జొన్నో సజ్జో వేయమన్నారు.

మాట మార్చారని వాళ్లను తప్పుపట్టం. దిద్దుకున్నారు గనకే నమ్ముతాం. కానీ ఆ మాట కౌలు చేసే దూదేకుల రైతు గడపదాకా తెచ్చిందెవరు? మాకు చెప్పనిదాన్ని మేం నమ్మలేదంటే ఎట్లా? మేం పీకి పక్కచేనాయన వదిలేస్తే, పురుగుకు గట్టు అడ్డమా, మతం అడ్డమా?

ఈమాన్ మాకూ అల్లాకూ మధ్య లెక్క. శాస్త్రవేత్తతో లెక్క వేరు. ఎందుకో వాళ్లు చెప్పాలి, మేం అడగాలి, తప్పయితే ఒప్పుకోవాలి. అడగడాన్ని అపనమ్మకం అనకండి. మేం నమ్మడం మొదలుపెట్టేది అక్కణ్ణించే.