పశ్చాత్తప్తుని మరల చేర్చుకొనుట

ఒక మనుష్యుడు తప్పు చేసెను. అది బయలుపడెను. సంఘము వానిని వెలివేసెను. కొంతకాలమునకు వాడు వచ్చి ద్వారమువద్ద నిలిచి, తప్పు చేసితిననియు, తన్ను మరల చేర్చుకొనవలసినదనియు వేడుకొనుచున్నాడు. లోపల నున్నవారు చేయవలసిన దేమి? తలుపు తెరవుమనుట సులభము. కాని వానిచేత నష్టపడినవారు లోపలనే కూర్చుండియున్నారేమో చూడవలదా? మూసియుంచుమనుటయు సులభమే, కాని మంచివాడు కాగోరువానికి ఈ లోకమున తావెక్కడ? ఈ ప్రశ్నను క్రైస్తవసంఘములవారు మొదటి శతాబ్దమునుండియు చర్చించుచు, దానినిబట్టి చీలిపోవుచు, మరల కూడుచు వచ్చిరి. వారి సిద్ధాంతముల నన్నిటిని అంగీకరించినను అంగీకరింపకున్నను వారి యనుభవము విచారింపదగినదని మేము తలంచుచున్నాము.

వెలి యనుమాట మన దేశమువారికి క్రొత్త కాదు. అయితే మనలో వెలి తరచుగా ఆచారభంగమునకే గాని అన్యాయమునకు వేయబడలేదు. సముద్రము దాటినవాడును వితంతువును పెండ్లాడినవాడును వెలికి పాత్రులైరి. లంచము తినినవాడును భార్యను కొట్టినవాడును పంక్తిని కూర్చుండి సుఖముగా భుజించిరి. 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగినపిమ్మట దానితో సంబంధము గలవారిలో కొందరు వెలికి జడిసి ప్రాయశ్చిత్తము చేయించుకొనిరి. తప్పే లేనిచోట ప్రాయశ్చిత్త మేమి? మేము విచారింపబూనినది నిజమైన తప్పును గూర్చి.

మత్తయి సువార్త 18వ అధ్యాయమున ఒక క్రమము చెప్పబడియున్నది. సహోదరుడు తప్పు చేసినయెడల మొదట ఏకాంతమున వానికి తెలుపవలెను. వినకున్న ఇద్దరు ముగ్గురితో పోవలెను. అప్పటికిని వినకున్న సంఘమునకు చెప్పవలెను. సంఘము మాటయు వినకున్న వానిని అన్యునిగాను సుంకరిగాను ఎంచవలెను. వెంటనే పేతురు లేచి, ఎన్ని మారులు క్షమింపవలెను, ఏడు మారులా, అని యడుగుటయు, ఏడు డెబ్బదులని యేసు ప్రత్యుత్తర మిచ్చుటయు అదే అధ్యాయమునందున్నవి. వెలివేయు క్రమమును లెక్కలేని క్షమయు ఒకే పుటలో ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకదానిని మాత్రము చదివి రెండవదానిని విడుచువారే రెండు పక్షములందును ఎక్కువ. మరియు సుంకరిగా ఎంచుమని చెప్పిన యా గురువు సుంకరుల యిండ్ల భోజనము చేసినవాడే గదా!

కొరింథు సంఘమున ఒకడు తన తండ్రి భార్యను ఉంచుకొనెను. పౌలు కోపించి, వానిని వెలివేయుడనియు అట్టివానితో భుజింపనైన వలదనియు వ్రాసెను. రెండవ పత్రికయందు అతని స్వరము మారినది: అనేకులవలన కలిగిన దండన యిక చాలును, వానిని క్షమించి ఓదార్పుడు, లేనియెడల అధికదుఃఖముచేత మ్రింగివేయబడునేమో యని వ్రాసినాడు. ఈ యిద్దరును ఒక్కడేనా యనుటను గూర్చి మూడవ శతాబ్దమున తెర్తుల్లియను మొదలు నేటి పండితులవరకు వాదములు గలవు. పలువురు నేటి పండితులు ఈ రెండవవాడు పౌలునే యవమానించిన వేరొకడని తలంచుచున్నారు. ఎవడైనను కానిండు. దండనకు ఒక తుద యుండవలెననుట యిందు ముఖ్యము. తప్పు చేసినవానిని దుఃఖము బాగుచేయుట యొకటి, మ్రింగివేయుట యొకటి. మొదటిదానికొరకే దండన, రెండవది మొదలగుచోట దండించువాడు ఆగవలెను.

ఈ ప్రశ్న యంతటి గొప్పసంఘములను గడగడ వణకించిన కాలము మూడవ శతాబ్దపు మధ్యభాగము. 249వ సంవత్సరాంతమున రోమా చక్రవర్తియగు దెకియుసు, రాజ్యములోనివారందరును దేవతలకు బలి యర్పించి, అధికారులయెదుట ప్రసాదము రుచిచూచి, చేసితిమని ధ్రువపత్రములు పొందవలెనని యాజ్ఞాపించెను. ఐగుప్తు దేశమున అట్టి పత్రములు 40కి పైగా దొరకియున్నవి. అనేకులు ప్రాణభయమున బలి యిచ్చిరి. కొందరు సాంబ్రాణి మాత్రము వేసిరి. మరికొందరు బలి యీయకయే సొమ్మిచ్చి పత్రములు కొనిరి. కొందరు చెరసాలలలో హింసలు పొందిరి, చచ్చిరి. ఏడాది తిరిగినపిమ్మట హింస చల్లారగా, బలి యిచ్చినవారు ఏడ్చుచు సంఘద్వారములకు వచ్చిరి. లోపల నున్నవారిలో కొందరి దేహములమీద ఇంకను గాయములున్నవి. వారి ప్రక్కను వీరిని ఎట్లు కూర్చుండబెట్టుట?

అలెగ్జాండ్రియా బిషప్పగు దియొనీసియుసు వ్రాసిన యొక లేఖను యూసెబియుసు తన చరిత్రమునందు కాపాడియుంచెను. సెరాపియోను అను వృద్ధుడు చిరకాలము నిర్దోషముగా జీవించి, హింసకాలమున బలి యిచ్చెను. పిమ్మట పలుమారులు క్షమాపణము వేడినను ఎవ్వరును వినలేదు. జబ్బుపడి, మూడు దినములు మాటలేక పడియుండి, నాలుగవదినమున కొంచెము తెలివి తెచ్చుకొని, మనుమని పిలిచి, ఎంతకాలము నన్నిట్లు పట్టియుంచెదరు, పెద్దను తీసికొనిరమ్మని పంపెను. రాత్రివేళ. పెద్దయు జబ్బుపడియుండి రాలేకపోయెను. అయితే ముందు వేడుకొనినవారిని మరణకాలమున విడిచిపెట్టవలెనని బిషప్పు ఆజ్ఞ యుండుటచేత ఆయన ప్రభువుభోజనపు రొట్టెతునక నొకదానిని బాలునిచేతి కిచ్చి, తడిపి తాతనోట వేయుమని చెప్పెను. బాలుడు తిరిగివచ్చి వాకిలి చేరకముందే వృద్ధుడు కనుతెరచి, వచ్చితివా నాయనా, పెద్ద రాలేకపోయెను గాని ఆయన చెప్పినపని త్వరగా చేసి నన్ను పంపివేయుమనెను. తునక మ్రింగి ప్రాణము విడిచెను.

ఈ వృత్తాంతమును మేము చదివినప్పుడెల్ల మాకు వృద్ధునికంటె ఆ ఎవ్వరును విననివారే జ్ఞప్తికి వచ్చుచున్నారు. వారు దుష్టులు కారు. నియమమును కాపాడువారు. ఆ నియమమునకు అర్థమును లేకపోలేదు; చచ్చినవారి యెడల గౌరవము దానిలో నున్నది. అయినను సంఘ మంతయు మూసియుంచిన వాకిలి, అర్ధరాత్రమున ఒక బాలుని చేతితో తెరువబడెను.

కార్తేజి బిషప్పగు కిప్రియానునకు ఇరువైపుల కష్టము కలిగెను. హింసలు పొందినవారు కొందరు తమ గౌరవమునుబట్టి పడిపోయినవారికి సమాధానపత్రములు ధారాళముగా వ్రాసి యిచ్చుచుండిరి. పేరు చెప్పక, ఫలానావానిని వానివారితో చేర్చుకొనుడని వ్రాసినవియు గలవు. తానేమో హింసకాలమున దాగియున్నవాడని నిందింపబడుచుండెను. దాగినవాడు నిలిచినవారి మాట కాదనుట ఎంతటి సంకటము! అయినను ఆయన కాదనెను. 251వ సంవత్సరమున సభ కూర్చి, పత్రములు కొన్నవారిని ఒక్కొక్కరి సంగతి విచారించి చేర్చుకొనవచ్చుననియు, బలి యిచ్చినవారు అనుతాపమునందే యుండి మరణకాలమున సమాధానము పొందవలెననియు నిర్ణయించెను. కొలదికాలమునకే క్రొత్తహింస రానున్నదని తోచగా, అనుతాపమున నిలిచినవారి నందరిని చేర్చుకొనిరి. యుద్ధమునకు పిలువబడువారిని నిరాయుధులుగా విడువరాదని వారిచ్చిన కారణము. ఆ కిప్రియానే 258వ సంవత్సరమున తలయొగ్గి ప్రాణమిచ్చెను.

రోమునందు నొవాటియాను అను పండితుడు దీనిని సహింపలేకపోయెను. అట్టివారిని దేవుడు క్షమించిన క్షమించును గాని సంఘమునకు ఆ యధికారము లేదనుచు ఆయన పక్షమువారు వేరుపడిరి. వారికి శుద్ధులని పేరు. 325వ సంవత్సరమున నికేయ సభకు పిలువబడిన వారి బిషప్పు అకేసియుసు ఈ సిద్ధాంతమును వివరింపగా, కాన్‌స్టాంటైను చక్రవర్తి, అట్లయిన నిచ్చెన వేసికొని నీవొక్కడవే స్వర్గమున కెక్కుమని పరిహసించెనట. పరిహాసము బాగుగనే యున్నది. కాని శుద్ధుల వాదమునందు ఒక సత్యము గలదని మేము చెప్పక తప్పదు. నష్టపడనివాడు నష్టపడినవాని పేరిట క్షమించుటకు అధికారి యెట్లగును? 390వ సంవత్సరమున థియొడోసియుసు చక్రవర్తి సైనికులు థెస్సలొనీక పురమున వేలకొలది జనులను వధించిరి. మిలాను బిషప్పగు అంబ్రోసు ఆయనను ప్రభువుభోజనమునకు రానీయక, అనుతాపము చేయించి, పిమ్మట చేర్చుకొనెను. చక్రవర్తిని నేలపై మోకరింపజేసినందుకు అంబ్రోసును లోకము పొగడును, మేమును పొగడెదము. కాని క్షమించినది మిలాను సంఘము, చచ్చినవారు థెస్సలొనీకవారు. దీనికి పరిహారముగా మాకు కొంతవరకు తోచునది, మరణశిక్షలను 30 దినములవరకు నెరవేర్పరాదని చక్రవర్తి శాసించెనని రూఫినుసు అను చరిత్రకారుడు వ్రాసిన మాట. చచ్చినవారు తిరిగి రారు గాని, తరువాతివా రట్లు చావకుండుట కేదియో చేయవచ్చును. సువార్తలోని జక్కయ్యయు ఏడ్వలేదు. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. కన్నీరు చూచి అనుతాపమును కొలుచుకంటె లెక్కపుస్తకము చూచి కొలుచుట మేలని మా యభిప్రాయము.

ఇక చేర్చుకొనుట యనగా పూర్వపదవియం దుంచుట యని భ్రమించువారు గలరు. ఇది పెద్ద పొరపాటు. దీనివలన కలిగిన కీడునకు మేరలేదు. కిప్రియాను కాలమునందే స్పెయిను దేశమున బసిలిదేసు, మార్తియాలిసు అను నిద్దరు బిషప్పులు పత్రములు పొంది పడిపోయిరి. బసిలిదేసు మొదట పదవి విడిచి, సామాన్యునిగా చేర్చుకొనిన చాలునని యొప్పుకొని, పిమ్మట రోమునకు పోయి పదవిని మరల సంపాదింపజూచెను. ఆఫ్రికాదేశపు బిషప్పుల సభ అందులకు సమ్మతింపలేదు. భోజనపంక్తికి రావచ్చును, వడ్డించుచోటికి రారాదు. ఈ వివేకమును విడిచిన ఫలము మన కాలమున కనబడినది. బాలబాలికలయెడల ఘోరకృత్యములు చేసిన పురోహితులను అధికారులు క్షమించితిమనుచు ఒక సంఘమునుండి మరియొక సంఘమునకు మార్చుచుండిరని బోస్టను నగరపు పత్రిక 2002వ సంవత్సరమున బయలుపెట్టెను. క్రొత్త సంఘమువారికి చెప్పలేదు. పాత సంఘపు పిల్లల నడుగలేదు. ఇది క్షమ యనిపించుకొనునా? దాచుటకు క్షమ యని పేరుపెట్టిరి. ఆ యేడే అమెరికా బిషప్పులు డాలసు నగరమున సమావేశమై, అట్టి కృత్య మొక్కటి చేసినవాడైనను మరల పరిచర్యయం దుండరాదని నిబంధన చేసిరి. ఇది కఠినమని కొందరనిరి. అనుతాపము నిజమైనవాడు పదవిని కోరనే కోరడని మా నమ్మకము; పిల్లలున్నచోటికి తానే పోకుండును. నష్టపడిన కుటుంబము ఆరాధనకు వచ్చు ఆలయమునకు తాను రాక, వేరొక ఆలయమునకు పోవుటయు వాని యనుతాపములోని భాగమే. ఎవరు స్థలము మారవలెనను ప్రశ్న వచ్చినప్పుడు సంఘము తప్పు చేసినవానిని మార్పవలెను గాని, మేము క్షమించితిమి, మీరును క్షమింపుడని నష్టపడినవారిని తొందరపెట్టరాదు.

నికేయ సభ, బలవంతము లేకయే పడిపోయినవారికి 12 సంవత్సరములు నిర్ణయించెను: మూడేండ్లు వాక్యము వినువారితోను, ఏడేండ్లు మోకరించువారితోను, రెండేండ్లు ప్రార్థనమున మాత్రము కూడి భోజనమునకు రాకయు. నేటివారికి ఇది క్రూరముగా తోచును. కాని యా క్రమమునందు పోవుమనుమాట లేదు. ప్రతియేడును ద్వారమునకు కొంచెము దగ్గరగా స్థలమున్నది. మరణము సమీపించినయెడల అన్ని గడువులును తొలగుననియు, అనుతాపము క్రియలవలన రుజువైనయెడల బిషప్పు మరింత దయ చూపవచ్చుననియు అదే సభ విధించెను. రోమునందు ఈస్టరు పండుగకు ముందటి గురువారమున ఇట్టివారిని చేర్చుకొనుచుండిరి. ఆ నగరపు అనుతాపపరుల యాచారమును సోజొమెను వర్ణించియున్నాడు. వారు ప్రత్యేకస్థలమున నిలువబడి, ఆరాధన ముగియగానే ఏడ్చుచు నేలపై పడుదురు. బిషప్పు వారికడకు వచ్చి, తానును ఏడ్చుచు వారితోకూడ నేలపై పడును. సంఘమంతయు బిగ్గరగా నేడ్చును. పిమ్మట బిషప్పు మొదట లేచి, పడియున్నవారిని లేవనెత్తి, వారికొరకు ప్రార్థించి, పంపివేయును.