కోళ్లగూటి దగ్గర ఈగల సీసా

పెరట్లో నాలుగు నాటుకోళ్లున్న ఇంట్లో వానలు మొదలయ్యాయంటే కంచం మీద చెయ్యి విసురుకుంటూనే అన్నం తినాలి. మందు కొట్టేద్దామని చాలామంది తొందరపడతారు. ఆ మందు తగిలి పడిన ఈగను ముందుగా ముక్కున కరుచుకునేది మన కోడే కదా!

ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ఖాళీ నీళ్ల సీసా మెడ భాగం కోసి, మూత తీసి, గరాటులా తలకిందులుగా అదే సీసాలోకి దించండి. అడుగున కాసిని బెల్లం నీళ్లు, ఓ చేప తల. వాసనకు లోపలికి దూరిన ఈగ వెలుతురు కోసం అంచుల వెంట కొట్టుకుంటుందే గానీ, మధ్యనున్న కంత దానికి దొరకదు. దీన్ని గూటికే కట్టారో, ఊళ్లో ఈగలన్నిటినీ విందుకు పిలిచినట్టే. గూటికీ వంటింటికీ దూరంగా, ఎండ తగిలేచోట వేలాడదీయండి.

అయినా సీసాది సగం పనే. ఎండలు ముదిరితే ఈగ గుడ్డు వారం పది రోజుల్లోనే రెక్కల ఈగవుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు పెరగడానికి తడి పెంట కావాలి. ఆరిన పెంటలో అది బతకదు. అందుకే గూట్లో వరి ఊక పరిచి, తడిసిన చోట ఎప్పటికప్పుడు ఎత్తేయాలి. ఈగలు తిన్న కోళ్లకు బద్దెపురుగులు పట్టే ప్రమాదమూ ఉంది మరి.

ఇవాళ గూడు తెరిచినప్పుడు, ముందు నీళ్ల పళ్లెం కింద ఒకసారి చూడండి.