దూరము - దోషము

కంటికి కానరాని వానిని చంపినచో దోషము తగ్గునా? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. కాని దూరగామి యుద్ధవిమానము పుట్టినది మొదలు ఇది రాజులకును యోధులకును మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పన్ను కట్టు ప్రతి గృహస్థునకును చెందినది. ఈ విషయములో మన తెలుగు నేలకును కొంత సంబంధము కలదు. ముందుగా దానిని చెప్పెదము.

1914లో ఐరోపా యుద్ధము మొదలైనపుడు విమానము ముఖ్యముగా శత్రువుల కదలికలను కనిపెట్టు కన్ను. నాలుగేండ్లలో అది చేయి యయ్యెను. 1918 జూన్‌లో ఆంగ్లేయులు ట్రెంచర్డు సేనాని క్రింద ఒక ప్రత్యేక వైమానిక దళమును నెలకొల్పిరి. యుద్ధరంగమును దాటిపోయి జర్మను దేశములోని రైలుస్టేషన్లను, కర్మాగారములను, పట్టణములను కొట్టుట దాని పని. ఆ సెప్టెంబరులో దానితో కలిసిన 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్. 9ఏ విమానములను సమకూర్చినది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ విరాళము. 400 గుఱ్ఱముల బలముగల అమెరికా యంత్రముతో అయిదు గంటలు గాలిలో నిలువగల విమానము లవి. వాని పార్శ్వములపై హైదరాబాదు పేరును, దాత పేరును వ్రాసిరి. ఆ వ్రాతతోనే అవి పోయి ఫ్రాంకుఫర్టు మొదలగు పట్టణములపై బాంబులు వేసెను. ఆ దళమునకు హైదరాబాదు స్క్వాడ్రను అను పేరు నిలిచిపోయెను. 1939 సెప్టెంబరు 4వ తేదీన జర్మను యుద్ధనౌకలపై ఆంగ్లేయులు జరిపిన మొదటి బాంబుదాడిలో పాల్గొన్న దళములలో అది యొకటి.

ఆ ధన మెక్కడిది? ప్రభువు ఏ పెట్టె తెరచి యిచ్చినను తుదకది భూమినుండి వచ్చినదే. నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు అప్పుడు సాగరు కాలువ లేదు. వానను నమ్ముకొని జొన్నయు ఆముదమును పండించు మెట్టచేలు. చెరువుల క్రింద కొద్దిపాటి వరి. వీనికి తోడు వెట్టి. తన చెమట ఏడు సముద్రముల కావల బాంబై రాలునని అచటి రైతు ఎఱుగడు. అతని నెవ్వరును అడుగలేదు. అడుగనివానికి దోషము లేదందుము. కాని ఈ మాట అడుగ నధికారము గల నేటి పౌరునకు చెల్లదు.

శ్రీమద్రామాయణమున దశరథుడు కౌసల్యకు తన యౌవనమునాటి కథ చెప్పును. శబ్దవేధి విద్యలో తనకు మించినవాడు లేడను గర్వముతో, చీకటిలో సరయూతీరమున కుండ మునుగు చప్పుడు విని, ఏనుగనుకొని బాణము విడిచెను. వినవచ్చినది మనుష్యుని ఆర్తనాదము. ఆ కథలో మేము ముఖ్యముగా చూచునది శాపమును కాదు, దశరథు డప్పుడు చేసిన మూడు పనులను. అతడు నీటియొడ్డునకు నడచిపోయెను. బాలుని కన్నులార చూచెను. అంధులైన తలిదండ్రులకడకు పోయి, చంపినవాడను నేనే యని చెప్పెను. విమానమున పోవువానికి ఆ యొడ్డు లేదు. బాంబు నేలను తాకునప్పటికే అతడు ముందుకు సాగిపోవుచుండును. అతనిని పంపినవారు మఱింత దూరమున నుందురు. దూరము దోషమును తగ్గించదు. దోషము మనకు తెలియు మార్గమును మాత్రము మూసివేయును.

ఇట్టి విమానములు యుద్ధమును త్వరగా ముగించి ఉభయపక్షముల ప్రాణములను కాపాడునని కొందఱందురు. ఈ వాదమును త్రోసిపుచ్చుట తేలిక కాదు. అయినను ట్రెంచర్డు తానే, బాంబువలన గలుగు వస్తునష్టము ఒక పాలైన మనసులపై దాని ప్రభావము ఇరువది పాళ్లని వ్రాసెను. అనగా గుఱి కర్మాగారము కంటె ఎక్కువగా ఇంటిలోని తల్లి గుండె. ఆ గుండెయు అనుకొన్నంత సులభముగ లొంగదు. 1940లో నెలల తరబడి బాంబులు పడినను లండను లొంగలేదు. లొంగనపుడు చేయవలసినది ఇంకను పెద్ద విమానమని యెంచిరి. 1944లో ఖరగ్‌పూరునుండి లేచిన బి-29 విమానములు బాంకాకును కొట్టెను. ఆ జాతి విమానమే 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు వేసెను.

క్రిందనుండి చూచుట తెలుగువారికిని తప్పలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నమును, కాకినాడను కొట్టెను. 1948 సెప్టెంబరులో భారతసైన్యము విజయవాడ దారిని కోదాడ మీదుగా వచ్చినపుడు సూర్యాపేటలోని నిజాము రక్షణస్థానములపై విమానములు దాడిచేసెను. అవి దూరగామి విమానములు కావు. రజాకార్ల దౌర్జన్యమును అణచుటకు వచ్చినవి. ఆ రాకకు సంతోషించినవా రనేకులు. అయినను న్యాయమైన కార్యములో సైతము బాంబు క్రింద ఎవరున్నారని అడుగుట ద్రోహము కాదు. న్యాయము మనదని నమ్మినపుడే ఆ ప్రశ్నను ధైర్యముగ అడుగగలము.

యుద్ధాంతమున లెక్కలు చూచుట లేకపోలేదు. 1944లో అమెరికావారు ఇందుకొక పెద్ద సంఘమునే నియమించిరి. అది పట్టణములు తిరిగి, జనులను ప్రశ్నించి, సంపుటములు ప్రకటించెను. కాని అది ప్రధానముగా వెదకినది బాంబు ఎంత బాగుగ పనిచేసె ననుటను. ఒడ్డునకు పోయినను, బాణము వాడి చూచుటకు పోయినట్లయినది.

నేడు విమానమున మనుష్యుడే లేకుండ దాడి చేయుచున్నారు. కావున పంపువారి బాధ్యత పెరిగినదే కాని తగ్గలేదు. మన పన్నుతో విమానము కొనునపుడు అదెంత దూరము పోగలదో పత్రికలలో చదివి గర్వించుచున్నాము. అది కొట్టిన చోట ఎవరు చనిపోయిరో, వారి పేర్లేమో ప్రకటింపుడని ప్రభుత్వమును అడుగుటయు పౌరధర్మమే. బడిలో 1918 యుద్ధమును చెప్పు ఉపాధ్యాయులు నిజాము విరాళముతో ఆపక, ఆ విమానములు ఏ యూళ్లపై పోయెనో పటములో పిల్లలచేత వెదకింపవలెను. ఆ యూళ్లలోను ఆనాడు బడులుండెనని వారికి చెప్పవలెను.