హనుమంతుని పశ్చాత్తాపము



శ్రీరామనవమి దినములలో మన ఆలయములందు సుందరకాండమును భక్తితో పఠించుచున్నాము. సముద్రమును లంఘించుట, సీతమ్మకు అంగుళీయకము నొసగుట, లంకాదహనము మన పిల్లలకు సైతము తెలిసిన ఘట్టములే. కాని లంక కాలిన పిమ్మట ఆ మహావీరుడు దుఃఖించిన ఘట్టమును మనము త్వరగా దాటిపోవుచున్నాము. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయుదును.

తోక నిప్పును సముద్రజలములో చల్లార్చుకొనిన తరువాత హనుమంతునకు భయము కలిగెను. లంక యంతయు కాలుచుండగా సీతమ్మ గతి యేమి? ఏ తల్లిని వెదకుటకై నూరు యోజనములు దాటి వచ్చెనో, ఆ తల్లినే తన కోపము దహించినదేమో! ఈ తలంపుతో ఆయన తన్ను తానే నిందించుకొనెను. పుట్టిన కోపమును బుద్ధిబలముచే అణచగలవారే ధన్యులని తలపోసెను. ఏ కార్యమునకై వచ్చితిమో ఆ కార్యమునే కాల్చుట కోపమునకు స్వభావము.

నిప్పు స్వభావము మనకు క్రొత్త కాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బను రేవు చేరెను. ఆ ఓడలోను, తరువాతి ఓడలలోను వచ్చిన మన పూర్వులు నేటాల్ చెరకు తోటలలో చెమటోడ్చిరి. చెరకు నరకుటకు ముందు ఎండుటాకులను కాల్చుట ఇచ్చటి వాడుక. నిప్పంటించుటకు ముందు చుట్టును ఆకుచెత్త తీసి దారి చేయుదురు. గాలి ఏ దిక్కున వీచుచున్నదో చూతురు. అట్టి నిప్పే ఒక్కొక్కప్పుడు హద్దు దాటును. ఇక గాలి చూడక మన నోట వెడలు నిప్పు మాట చెప్పవలెనా?

నా తప్పొకటి మీకు విన్నవించుకొందును. నేను వృత్తిచే బడిపంతులను. తెలుగు నాకు తల్లి ఒడిలో పూర్తిగా అబ్బలేదు. ఆలయమునందలి సాయంకాలపు తరగతిలో అక్షరమక్షరము కూడబలుకుకొని నేర్చితిని. పెద్దవాడనైన పిదప అట్టి తరగతిలోనే బోధింపసాగితిని. ఒకనాడు ఒక బాలిక 'ళ' అక్షరమును మాటిమాటికి 'ల' యని పలుకగా, "నోరు తిరుగని నీకు తెలుగెందుకు?" అని అందరి యెదుట కసరితిని. తక్కిన పిల్లలు నవ్విరి. మరుసటి వారము ఆ బిడ్డ రాలేదు; ఆపై వారమును రాలేదు. నేను తెలుగును నిలుపుటకై వచ్చినవాడను. నా కోపము ఒక చిన్న నాలుకపై మొలకెత్తుచున్న తెలుగునే మాడ్చెను. బాల్యమున నేనును ఆ తప్పే పలికితిని. నా గురువుగారు మాత్రము నవ్వుచు పదిమార్లు చెప్పించిరి. అది తలపునకు వచ్చి సిగ్గుపడితిని.

హనుమంతుడు దుఃఖించి ఊరకుండలేదు. సీతమ్మ క్షేమమని చారణుల మాటల వలన వినియు, మరల వెళ్ళి కన్నులార చూచిన పిదపనే తిరుగు ప్రయాణమయ్యెను. మనమును అట్లే, మన నిప్పు ఎవరిని తాకినదో వెళ్ళి చూడవలెను. కిష్కింధలో లక్ష్మణుడు సైతము తన పరుష వాక్యములకు సుగ్రీవుని క్షమాపణ కోరెను. రాజకుమారునకు కాని చిన్నతనము మనకేల?

నేనా బాలిక యింటికి వెళ్ళితిని. ఆమె నాయనమ్మ, "రండి పంతులుగారూ" అని ఆదరముతో పీట వేసెను. "తల్లీ, నేనన్న మాట తప్పు" అని బిడ్డతో చెప్పితిని. ఆమె తల వంచుకొని యూరకుండెను. మూడు వారముల పిదప తరగతికి వచ్చినది. కాని నేటికిని నేను అడిగిననే తప్ప నోరు విప్పదు. గాయము మానినను మచ్చ యుండును.

కోపము పుట్టకుండుట మన చేతిలో లేకపోవచ్చును. దానికి ముందుగా హద్దు ఏర్పరచుట మన చేతిలోనే యున్నది. మాట పెదవి దాటకముందు ఒక్క క్షణమాగుట, ఎదుటివారిని 'మీరు' అను గౌరవమును విడువకుండుట, తప్పును నలుగురిలో గాక ఒంటరిగా చెప్పుట, ఇవియే ఆ హద్దులు. ఇంటనైనను, ఆలయ సభలోనైనను కోపము వచ్చినప్పుడు "నేనిచ్చటికి ఏ పనికై వచ్చితిని?" అని మనలను మనమే ప్రశ్నించుకొందము.

ఇట్టి వివేకమును ఆంజనేయస్వామి మనకెల్లరకు ప్రసాదించుగాక!

శ్రీరామజయము.