దూరమైనా తెగని బంధం - అది చాలా?

సంక్రాంతి అంటే ఎక్కడున్నా ఇంటికి చేరవలసిన పండుగ. అందుకే ఈ రోజుల్లో మనకు ఊరు ఎక్కువగా గుర్తొస్తుంది. ఈ సందర్భంగా, చాలా దూరం వెళ్ళి తిరిగి వచ్చే ఒక గ్రహం గురించి చెప్పుకుందాం.

కన్యారాశి దిక్కున, సుమారు 100 కాంతి సంవత్సరాల దూరంలో హెచ్.ఆర్. 5183 అనే నక్షత్రం ఉంది. హవాయిలోని కెక్ టెలిస్కోపుతో శాస్త్రజ్ఞులు దీన్ని 20 ఏళ్ళకు పైగా గమనించారు. దాని చుట్టూ ఒక పెద్ద గ్రహం తిరుగుతోందని 2019లో ప్రకటించారు. బరువులో అది మన బృహస్పతికి సుమారు మూడింతలు. ఒక్క ప్రదక్షిణకు దశాబ్దాలు పడుతుంది. దాని దారి మన భూమి దారిలా ఇంచుమించు గుండ్రంగా ఉండదు, బాగా సాగదీసినట్టు ఉంటుంది. మన సూర్యుడి చుట్టూ తిరిగితే ఒక కొస అంగారకుడికీ బృహస్పతికీ మధ్యన, రెండో కొస నెప్ట్యూన్ అవతల ఉండేది. దగ్గరకు వచ్చినప్పుడు వేగంగా తిరిగి వెళ్ళిపోతుంది. మిగిలిన కాలమంతా దూరంగా, నెమ్మదిగా.

మన ప్రయాణాలూ ఇంతే కదా! రెండు మూడేళ్ళకొకసారి మూడు వారాలు. అందులోనే పెళ్ళిళ్ళు, బ్యాంకు పనులు, తిరుపతి. అమ్మ దగ్గర కూర్చునేలోపే తిరుగు ప్రయాణం.

ఆ గ్రహాన్ని ఎవరూ కళ్ళారా చూడలేదు. అది లాగుతుంటే నక్షత్రం కొద్దిగా కదిలింది. ఆ కదలికే గ్రహాన్ని పట్టిచ్చింది. అంటే బంధం ఒకవైపుది కాదు. మనం వచ్చేశాక అమ్మకు వారం రోజులు అన్నం సహించలేదని చెల్లెలు చెబితేనే మనకు తెలుస్తుంది.

"దూరంగా ఉన్నా బంధం ఎక్కడికి పోతుంది?" అని నేనూ సరిపెట్టుకున్నాను. "వచ్చే ఏడు తప్పకుండా వస్తాను" అని మా నాన్నగారికి మూడేళ్ళు చెప్పాను. నాలుగో ఏడు వెళ్ళాను, ఆయన దినాలకు.

గ్రహానికి దారి మార్చుకునే స్వేచ్ఛ లేదు, అందుకే అది ఆలస్యంగా వచ్చినా తప్పు లేదు. నక్షత్రం కోట్ల ఏళ్ళు ఉంటుంది. మనకు స్వేచ్ఛ ఉంది, మన పెద్దలకు అంత ఆయుష్షు లేదు. ప్రకృతి లాగితే తిరిగి రావడం గ్రహగతి. తెలిసి, సమయానికి రావడం ధర్మం.

ఉద్యోగం, వీసా, పిల్లల చదువుల వల్ల అందరికీ ప్రయాణం కుదరదు, నిజమే. ఫోను కుదురుతుంది. ఈ పండుగనాడు కుశల ప్రశ్నలతో ఆపేయకుండా, వాళ్ళు చెప్పేది తీరిగ్గా విందాం. కుదిరినవాళ్ళు వచ్చే ఏటికి వాయిదా వేయకండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.